చెట్ల నీడలో కూరల పెరడు

బాగేపల్లి తాలూకా నుంచి వొక సోదరి వ్రాసిన వుత్తరం రెండు వారాలుగా మా బల్ల మీద వుంది. యీ శీర్షికకు వచ్చే వుత్తరాలలో సాధారణంగా పురుగు పట్టిన వంగ మొక్కలు, పూత రాలే బెండ మొక్కలు, పేను పట్టిన చిక్కుడు తీగలు వుంటవి. వాటికి జవాబు వ్రాయడానికి ఆదివారం వొక పూట చాలు. దీనికి మాత్రం రెండు ఆదివారాలు పట్టినవి.

వుత్తరం సారాంశం యిది. ఆమె మామగారు కట్టిన యింటి వెనుక యెనిమిది గుంటల స్థలం వున్నది. అందులో రెండు చింతలు, వొక పాత మామిడి, వొక పనస, గోడ పక్కన వేప, యెండిపోయిన బావి దగ్గర కానుగ. మధ్యాహ్నం కూడా దీపం పెట్టుకోవాలన్నంత నీడ అని ఆమె మాట. రెండేళ్ళు వరసగా టమేటా, వంగ, మిరప వేశారు. మొక్కలు సన్నగా నడుమెత్తు సాగినవి గాని, కాయలు పట్టుమని పది కూడా రాలేదు. యిప్పుడు ఆమె మరిది, చెట్లు కట్టెలవాడికి అమ్మేసి, ఆ డబ్బుతో బోరు వేయించి, పెరడంతా యెండ తగిలేటట్లు చేద్దామంటున్నాడట. బేరగాడు వచ్చి చింతమాను చుట్టుకొలత కూడా కొలుచుకొని పోయాడట. "అన్నగారూ, మిమ్మల్ని అడిగి చెపుతామని ఆయనను ఆపాము. మీరు యెట్లా చెపితే అట్లా చేస్తాము" అని ముగించింది.

ఆ చివరి మాట చదివి మాకు కొంచెం భయం వేసింది. కారణం, మేమూ వొకప్పుడు చెట్టు కొట్టించినవాళ్ళమే. సలహా చెప్పే ముందు ఆ సంగతి చెప్పుకోవడం న్యాయం.

చింతామణిలో మా పెరడు పెద్దది కాదు, రెండు గుంటలు వుంటుంది. తూర్పున మామిడి, దక్షిణాన చింత, పడమట బావి గట్టున కానుగ. ఆ కానుగ మా నాయన బావి తవ్వించిన యేడు నాటినది. 2013లో మాకు కూరల తోట పిచ్చి పట్టింది. మూడు చెట్లలో యేదో వొకటి తీసేస్తే గాని యెండ రాదని లెక్క వేసుకొన్నాము. మామిడి కాయ యిస్తుంది, చింత పులుసుకు పండు యిస్తుంది, కానుగ యేమిస్తుంది అనుకొని దానిని కొట్టించాము. కట్టెలకు వచ్చింది మూడు వేల చిల్లర. ఆ డబ్బు దేనికి ఖర్చయిందో యిప్పుడు గుర్తు కూడా లేదు.

ఆ యేడు వానకాలం, చలికాలం పంట బాగానే వచ్చింది. టమేటాలు, వంకాయలు పక్కింటివాళ్ళకు కూడా పంచాము. మా తెలివికి మేమే మురిసిపోయాము. మార్చి వచ్చేసరికి సంగతి తెలిసింది. మధ్యాహ్నం రెండు గంటల నుంచి పొద్దు గూకేదాకా పడమటి యెండ అడ్డం లేకుండా మడుల మీద పడింది. అంతకుముందు రోజుకు ఆరు బిందెలతో సరిపెట్టుకొన్న నేల పదిహేను బిందెలు పోసినా చాలలేదు, సాయంత్రానికి మొక్కలు తలలు వాల్చినవి. మన వూళ్ళలో వేసవికాలం పదిహేను బిందెలంటే యేమిటో పాఠకులకు చెప్పనక్కరలేదు. ఏప్రిల్ నాటికి నేల పెంకులాగా అయింది. పార వేస్తే ఖంగుమన్నది.

యింకొక సంగతి. మా అమ్మ రోజూ మధ్యాహ్నం ఆ కానుగ కిందనే చాప వేసుకొని చింతపండు గింజలు తీసేది, రాగులు చెరిగేది. చెట్టు కొట్టిన రోజు ఆమె వొక్క మాట అనలేదు. మరునాడు చాప తీసుకొనిపోయి వీధి జగిలి మీద కూర్చుంది. 2016లో ఆ చోటనే మేము మళ్ళీ కానుగ గింజ నాటాము. 2018లో అమ్మ పోయినప్పటికి ఆ మొక్క వొక మనిషికి చాలినంత నీడ యివ్వడం యింకా మొదలు పెట్టలేదు. యిప్పుడు దాని కింద యిద్దరు కూర్చోవచ్చు. కన్నడంలో కానుగ నీడను తల్లి వొడితో పోలుస్తారు. ఆ మాట మేము చిన్నప్పటి నుంచీ వింటున్నదే. అర్థం మాత్రం ఆలస్యంగా తెలిసింది.

కాబట్టి, సోదరీ, మా మొదటి మాట యిది. బేరగాడికి యీ సంవత్సరం జవాబు చెప్పకండి. వొక యేడు ఆగినంత మాత్రాన చింతమాను యెక్కడికీ పోదు. కొట్టిన తరువాత తప్పయిందని తెలిస్తే దానిని తిరిగి తెచ్చుకోవడానికి వొక తరం కావాలి.

మరిదిగారి బోరు లెక్క కూడా వొకసారి చూడండి. మన చిక్కబళ్ళాపురం 2007లో కోలారు నుంచి విడిపోయి జిల్లా అయింది. నంది కొండలలోనూ వాటి చుట్టుపక్కలా పెన్న, పాలారు, చిత్రావతి వంటి నదులు పుడుతున్నవి గాని, యేడాది పొడుగునా పారే నది జిల్లాలో వొక్కటీ లేదు. యేటా పడే వాన 700 మిల్లీమీటర్ల పై చిల్లర, అందులోనూ సెప్టెంబరు, అక్టోబరు నెలలదే పెద్ద వాటా. బోర్లు వెయ్యి అడుగులు దాటి పోతున్నవి, దాటినా నీరు పడుతుందన్న నమ్మకం లేదు. చెట్లమ్మిన డబ్బు భూమిలో పోసిన తరువాత నీరు పడకపోతే, నీడా పోయె, నీరూ లేకపోయె. ఆయన దుర్బుద్ధితో అంటున్నాడని మేము అనము. యింటికి కూర కావాలనే అంటున్నాడు. ఆ కూర నీడలోనే యెంతవరకు పండుతుందో చూపిస్తే ఆయనే వింటాడు.

ఇక పని. మొదట చేయవలసింది యెండను కొలవడం. దీనికి ఖర్చు లేదు. వొక ఆదివారం వుదయం యెనిమిది గంటలకు పెరడంతా తిరిగి, యెండ పడిన చోటల్లా వొక పుల్ల గుచ్చండి. పది, పన్నెండు, రెండు, నాలుగు గంటలకు మళ్ళీ అట్లాగే గుచ్చండి. సాయంత్రం చూస్తే కొన్నిచోట్ల నాలుగైదు పుల్లలు, కొన్నిచోట్ల రెండు, కొన్నిచోట్ల సున్న. ఒక్కొక్క పుల్ల సుమారు రెండు గంటల యెండ అనుకొని కాగితం మీద పటం గీసుకోండి.

యీ పని వొక్కసారి చేస్తే చాలదు. మన వూళ్ళు భూమధ్యరేఖకు వుత్తరంగా 13, 14 డిగ్రీల మధ్య వున్నవి. అందుచేత ఏప్రిల్ ఆఖరు వారంలోనూ, మళ్ళీ ఆగస్టు మధ్యలోనూ మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీద వుంటాడు. ఆ రెండింటి మధ్య కాలంలో కొంచెం వుత్తరానికి జరుగుతాడు. డిసెంబరులో బాగా దక్షిణానికి వాలుతాడు. అప్పుడు నలభై అడుగుల చెట్టు నీడ మిట్టమధ్యాహ్నం కూడా వుత్తరంగా సుమారు ముప్పై అడుగుల దూరం పడుతుంది. కాబట్టి చలికాలపు పంటకు దక్షిణాన వున్న చెట్టు శత్రువు, వేసవిలో పడమట వున్న చెట్టు రక్షకుడు. మేము కొట్టించింది ఆ పడమటి చెట్టునే. పుల్లలు గుచ్చే తీరిక లేక చేసిన పని అది.

పటం చేతికి వచ్చిన తరువాత పంటలు వాటంతట అవే విడిపోతవి. ఆరు గంటలూ, ఆపైన యెండ వున్నచోట టమేటా, వంగ, మిరప, బెండ, సొర, బీర. యివి కాయ కాసే మొక్కలు, యెండ తక్కువైతే ఆకు పెంచుకొంటవి గాని కాయవు. ఆ సోదరి మొక్కలు సాగిపోవడానికి కారణం యిదే, యెరువు లోపం కాదు. అలాంటి చోటు పెరడులో మూలన వొక మంచమంతే వుంటే, అక్కడ రెండు మిరప మొక్కలు వేసి వూరుకోండి. టమేటా కోసం చెట్టు కొట్టడం మన ప్రాంతంలో మరీ అన్యాయం. చింతామణి మార్కెట్టుకు లారీల కొద్దీ టమేటా వస్తుంది. ధర పడిన రోజు రైతులు రోడ్డు పక్కన పారబోసి పోవడం మనందరం చూచినదే.

మూడు నాలుగు గంటల యెండ వున్నచోట ఆకుకూరలు. కొత్తిమీర, మెంతి, పాలకూర, చుక్కకూర, పుదీనా, తీగబచ్చలి, తోటకూర. మన వేసవిలో కొత్తిమీర, పాలకూర పూర్తి యెండలో కంటె చెట్టు పక్కన చల్లగా వుండేచోటే నయం, తొందరగా పూతకు పోవు. తడి నిలిచేచోట పొన్నగంటి వేయండి. వానలు పడ్డాక చెట్ల కింద తమంతట తామే మొలిచే ఆకులు కూడా వున్నవి. కన్నడంలో వాటన్నిటినీ కలిపి బెరకె సొప్పు అంటారు. తెలిసిన పెద్దవాళ్ళను వెంటబెట్టుకొని యేది తినదగినదో నేర్చుకోండి. సంగటిలోకి వాటితో చేసిన పులుసుకు సాటి లేదు.

యెండ నేరుగా పడక, ఆకుల సందున చిల్లులు చిల్లులుగా పడేచోటును చాలామంది పనికిరానిదనుకొంటారు. మీ పెరడులో యెక్కువ భాగం యిదే అయివుంటుంది, మీ అదృష్టం కూడా యిదే. పసుపు, అల్లం, చామగడ్డ, కందగడ్డ, తమలపాకు, మిరియపు తీగ యీ చోటును యిష్టపడతవి, లేదా సహిస్తవి. మామిడి తోపులలో చెట్ల మధ్య పసుపు వేయడం పాత అలవాటే. కొంచెం వెలుతురు వున్న అంచున వొక కరివేప మొక్క నాటండి. మిరియపు తీగకు మన గాలి పొడి గనుక కాపు తక్కువే వస్తుంది. అయినా యింటి చారుకు సరిపోతుంది.

అసలు వెలుతురే లేనిచోట యేదీ నాటవద్దు. అక్కడ ఆకుల గుంట తీయండి. దాని సంగతి తరువాత చెపుతాము.

నీడ కంటె మోసకారి వేరు. చింతచెట్టు కింద యేమీ మొలవదని పెద్దలు అంటారు. అందులో సగం నిజం. అక్కడ నీడ వొక్కటే కాదు, నేలలోని నీరూ సారమూ చెట్టే ముందు తాగేస్తుంది. మీరు తవ్వి యెరువు వేస్తే రెండు నెలల్లో చెట్టు వేళ్ళు ఆ మెత్తని మట్టిలోకి వచ్చి కూర్చుంటవి. కాబట్టి మాను దగ్గర తవ్వకండి. పెద్ద వేళ్ళు తెగితే చెట్టుకూ ప్రమాదమే. మాను చుట్టూ మట్టి కూడా పోయకండి, బెరడు కుళ్ళుతుంది. కొమ్మల అంచు యెక్కడ ముగుస్తుందో అక్కడ నుంచి బయటికి మడులు వేయండి. దగ్గరగా వేయక తప్పకపోతే కుండీలూ, పాత బియ్యపు సంచులూ మట్టితో నింపి, వాటిని నేల మీద కాక రాతి బండ మీద నిలపండి. మన వూళ్ళలో బండలకు కొదవ లేదు. బండ లేకపోతే వేళ్ళు సంచి అడుగున దూరి పైకి వస్తవి. మాకు వొక యేడు అల్లం సంచి యెత్తబోతే నేలకు అంటుకొని రాలేదు.

చెట్లన్నీ వొకటి కావు. మీ పెరడులో కానుగ వుండడం మంచిదే. దాని ఆకును రాగి చేలకూ, వరి మడులకూ పచ్చిరొట్టగా తొక్కడం మన పెద్దల సేద్యం. కానుగ పిండి కూడా మంచి యెరువు. వేప, చింత ఆకులు చిన్నవి గనుక తొందరగా మట్టిలో కలుస్తవి. మామిడాకు, పనసాకు నెమ్మది, తునకలు చేసి వేయాలి. నీలగిరి వుంటే మాత్రం దానిని గురించి మేము వాదించము. టిప్పు సుల్తాను కాలంలో, 1790 ప్రాంతంలో, నంది దుర్గం మీద దానిని మొదట నాటారని చెపుతారు. తరువాత మన జిల్లా చేలన్నీ అదే అయింది. నేల నీరు పీల్చేస్తున్నదని 2017లో కర్ణాటక ప్రభుత్వం కొత్తగా నీలగిరి నాటడాన్ని నిషేధించింది. దాని పచ్చి ఆకును మడుల మీద పరచకండి, విత్తనాలు మొలవనీయదు.

రాలిన ఆకును తగలబెట్టడం మానండి. వెలుతురు లేని మూల మూడడుగుల వెడల్పు, రెండడుగుల లోతు గుంట తీసి, ఆకు వొక జానెడు, పేడ నీళ్ళు, గుప్పెడు మట్టి, మళ్ళీ ఆకు, యిట్లా నింపుకొంటూ పొండి. తడి ఆరకుండా చూస్తే ఆరేడు నెలలకు నల్లని యెరువు అవుతుంది. కొంత ఆకును అట్లాగే మడుల మీద పరిస్తే వేసవిలో నీరు సగం మిగులుతుంది. ఆకుల కుప్పలో చేయి పెట్టే ముందు కర్రతో కదిలించండి. పాములకు కూడా నీడ యిష్టమే.

వెలుతురు మరికొంత కావాలంటే చెట్టును కొట్టనక్కరలేదు, కింది కొమ్మలు తీయించితే చాలు. పది పన్నెండు అడుగుల యెత్తు వరకు మాను ఖాళీగా వుంటే పొద్దుటి యెండ, సాయంత్రపు యెండ వాలుగా లోపలికి వస్తవి. ఒక్క యేడులో పావు వంతుకు మించి కొమ్మలు తీయకండి, తల నరకకండి. చింతకు పండు దులిపిన తరువాత, మామిడికి కాయ దిగిన తరువాత యీ పని చేయించండి. చెట్టు మొత్తం తీయవలసి వస్తే, 1976 నాటి కర్ణాటక వృక్ష సంరక్షణ చట్టం వొకటి వుంది. సొంత స్థలంలోనైనా చాలా జాతుల చెట్లకు అటవీ శాఖవారి అనుమతి ముందుగా తీసుకోవాలి. నీలగిరి వంటి కొన్నింటికి మినహాయింపు వున్నది. బేరగాడు "అదంతా నేను చూచుకొంటాను" అంటాడు. ఆఫీసు కాగితాల మధ్య బ్రతికే మా మాట వినండి. సంతకం యెవరిదో బాధ్యత వారిదే.

నాటే కాలం ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్ వరకు, తొలి వానలు చూచుకొని. పసుపు, అల్లం దుంపలు వొక కన్ను వున్న ముక్కలు చేసి, రెండంగుళాల లోతున జానెడు యెడంలో నాటి, పైన ఆకు దట్టంగా కప్పండి. కంద అర కిలో ముక్కకు పైన మొలక భాగం కొంత తప్పకుండా వుండాలి. మూడడుగులకు వొక గుంట. చామకు గిన్నెలు కడిగిన నీరు పారే కాలువ గట్టు చాలు, సబ్బు నీరు మాత్రం వేరుగా మళ్ళించండి. పసుపు, కంద ఆకులు పండి వాలిపోయినప్పుడు, సంక్రాంతి నుంచి శివరాత్రి లోపల తవ్వుకోవచ్చు. చామ ఆరు నెలలకే వస్తుంది. కంద, చామ గొంతు దురద పెడతవని భయపడేవాళ్ళు వున్నారు. చింతపండు పులుసులో బాగా వుడికిస్తే ఆ బాధ వుండదు. ఆ చింతపండు మీ చెట్టుదే.

లెక్కలు కూడా దాచము. నిరుడు మేము రెండు కిలోల పసుపు విత్తనం వేస్తే పదకొండు కిలోల పచ్చి దుంపలు వచ్చినవి. వుడికించి యెండబెట్టి దంచితే రెండు కిలోల పైన పొడి. నాలుగు కంద ముక్కలకు తొమ్మిది కిలోలు. యెండ నేలలో యింతకంటె యెక్కువే పండుతుంది, మేము కాదనము. కాని వేసవిలో మేము పోసిన నీరు రోజుకు అయిదు బిందెలు దాటలేదు. కోతులు మా మిరప మొక్కలను విరిచి పోయినవి గాని, కంద, పసుపుల జోలికి రాలేదు. వానకాలంలో నత్తలు మాత్రం ఆకుకూరల మీద పడతవి. రాత్రి దీపం పట్టుకొని యేరివేయడమే మందు.

మొదటి యేడే యెనిమిది గుంటలూ బాగుచేయాలని ఆశపడకండి. వొక ఆకుల గుంట, నాలుగు కంద గుంటలు, ఆకుకూరలకు వొక మంచమంత మడి, యింతే చాలు. పుల్లల పటం మాత్రం డిసెంబరులో వొకటి, మేలో వొకటి గీసి పెట్టుకోండి. వచ్చే ఉగాదికి మరిదిగారిని ఆ పటాల ముందు కూర్చోబెట్టి, కంద పులుసుతో భోజనం పెట్టి, అప్పుడు చెట్ల మాట యెత్తండి. అప్పటికీ వొక చెట్టు తీయక తప్పదని పటం చెపితే, యే చెట్టో అదే చెపుతుంది. మాకు ఆనాడు చెప్పేవాళ్ళు లేకపోయిరి అనడం కూడా సరి కాదు. చాప చుట్టుకొని లేచిపోయిన మనిషిని మేము అడగలేదు, అంతే. మీ అత్తగారు వుంటే ఆమె యే చెట్టు కింద కూర్చుంటారో ముందు చూడండి.

సంఘం సభ్యులకు వొక మనవి. పసుపు, కంద, చామ విత్తనాలు సంతలో దొరకడం కష్టంగా వుంది. యెవరింట మిగిలి వున్నా వచ్చే సమావేశానికి వొక సంచిలో తెచ్చి పంచితే పదిళ్ళు బాగుపడతవి. మేము మా వంతు రెండు కిలోల పసుపు తెస్తాము. బాగేపల్లి సోదరికి అందులో మొదటి పిడికిలి.